శనివారం పేరు

సాక్షుల పేర్లు మార్చే పని ఐంద్రా చేతికి వచ్చిందంటే, దానికి కారణం అంతకు ముందు ఏడాది జరిగిన పరాభవం. బర్మా సైన్యం ఘోరాల మీద ఆ ఏడాది రాసిన నివేదికలో మారుపేర్లు ఆఫీసులోని తెల్లవాళ్ళే కంప్యూటర్ సాయంతో పెట్టారు. బుద్ధుడికి దీపం పెట్టనిదే ముద్ద ముట్టని తాతగారికి కొండజాతి కరెన్ క్రైస్తవుల పేరు తగిలించారు. ముగ్గురు పిల్లల తల్లికి మగవాడి పేరు అంటగట్టారు. జెనీవాలో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలి సమావేశమప్పుడు, బర్మా సైన్యానికి మేనమామలాంటి ఒక దేశం ప్రతినిధి లేచి, ఆ పేర్లు ఒక్కొక్కటే చదివి, ఇలాంటి పేర్లున్న మనుషులు బర్మాలో ఎక్కడ పుట్టారో కాస్త చూపించమన్నాడు. హాలంతా నవ్వింది. నలభై ఊళ్ళవాళ్ళు ఏడ్చి చెప్పుకున్నదంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

ఈసారి మారిట్ ఆ తప్పు జరగనివ్వదలచుకోలేదు. మారిట్ నార్వే మనిషి. బర్మా సరిహద్దు నదికి ఇవతల, థాయ్‌లాండ్ వైపున్న మే సోత్‌లో, మోటారు సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీది మేడలో, ఆ సాక్ష్యాల సంస్థను నడుపుతోంది.

"పేర్లు నువ్వే పెట్టు ఐంద్రా," అంది. "వింటే నిజం మనుషుల్లా ఉండాలి. ఈసారి ఎవడూ నవ్వకూడదు."

ఐంద్రా ఒకప్పుడు బర్మాలోని దవే ఊళ్ళో బడిపంతులమ్మ. సైన్యం గద్దెనెక్కాక పాఠాలు చెప్పనని సమ్మెలో కూర్చుంది, తర్వాత తలదాచుకోవడానికి నది దాటింది. నాలుగేళ్ళుగా ఈ మేడ మీద దుభాషిగా ఇటువాళ్ళ మాట అటు, అటువాళ్ళ మాట ఇటు చెబుతోంది. పదకొండు మంది సాక్షులకు ఒక్క మధ్యాహ్నం కూర్చుని పదకొండు పేర్లు పెట్టింది. వయసుకు తగ్గ పేరు, ప్రాంతానికి తగ్గ పేరు, తాతల కాలం వాళ్ళకు తాతల కాలం పేరు. చంటిబిడ్డకు పేరు పెట్టేటప్పుడు ఎంత ఆలోచిస్తారో అంత ఆలోచించింది. పూర్తయ్యాక ఆ జాబితా చూసుకుని మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్ళు కంపరమెత్తుతుంది.

పదకొండు మందిలో దో తిన్ న్యో ఒకతె. పదౌక్ గోన్ ఊరావిడ. రెండు రోజుల దారి నడిచీ పడవెక్కీ వచ్చి, చెంపల మీద చెట్టుబెరడు అరగదీసిన తనకా పూత చెమటకు చారలు కట్టి ఉండగానే కుర్చీలో కూర్చుని, ఊరి విహారం మీద విమానం బాంబులేసిన రోజు సంగతి మొదలుపెట్టింది. ఆ రోజు పిల్లలకు కాషాయం కట్టే పండుగ. గుండ్లు గీయించుకుని, పట్టుబట్టలు కట్టుకుని వరుసగా నిలబడ్డ పదహారుమంది పిల్లల్లో నలుగురు మిగిలారు. ఆవిడ ఏడవకుండా చెప్పింది. ఎవరి కాలు ఎక్కడ దొరికిందో, దేన్ని దేనితో కలిపి చుట్టారో, వంట చేసినావిడ వంటల జాబితా చెప్పినంత వరసగా చెప్పింది. మధ్యలో ఒక్కసారి ఆగి మారిట్ వైపు చూసింది.

"పంతులమ్మా, ఆ తెల్లమ్మకి నేను చెప్పేది ఎక్కుతోందా, ఊరికే తలాడిస్తోందా?"

"నేను చెబుతున్నా కదా పెద్దమ్మా. ఎక్కుతోంది."

"ఏమో. మా భిక్షువుగారు ప్రవచనం చెప్పేటప్పుడు నేనూ ఇలాగే ఆడిస్తా. ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు."

ఐంద్రా నవ్వాపుకోలేకపోయింది. ఏం జరిగిందని మారిట్ అడిగితే, అదీ తర్జుమా చేసి చెప్పింది. మారిట్ కూడా నవ్వింది. బాంబుల మాట నడుస్తున్న గదిలో ముగ్గురాడవాళ్ళు కాసేపు నవ్వుకున్నారు.

సంతకం పెట్టే ముందు మాత్రం ఆవిడ కలం కింద పెట్టింది.

"పేరు మారుస్తారు కదా?"

"మారుస్తాం పెద్దమ్మా. ఏ పని చేస్తారో కూడా రాయం. ఊరి పేరూ, వయసు యాభై పైచిలుకు అనీ, అంతే."

"నేను వెనక్కి పోవాల్సిన మనిషిని. మా అమ్మకి ఎనభై ఆరు. మోసుకురాలేను, వదిలేసీ రాలేను. నా కూతురు పిల్లముండ, దానివల్ల కాదు. నోరిప్పింది నేనని బో నీ గాడికి తెలిసిందా, నన్ను ఉంచరు. తెలుసు కదా నీకు?"

బాంబులు పడ్డ నెలకు సైన్యం వచ్చి, ఊళ్ళోకి తిరిగొచ్చిన ముప్ఫై గడపలకు ఈ బో నీ అనేవాణ్ణి పెద్దగా కూర్చోబెట్టి పోయింది. ఆ సంగతి ఐంద్రాకు తెలుసు.

"మిమ్మల్ని ఎవరూ పోల్చుకోలేరు పెద్దమ్మా. నాది పూచీ."

పూచీ అన్న మాట విన్నాకే ఆవిడ సంతకం పెట్టింది. మారుపేరు వేసేటప్పుడు, యాభై దాటిన ఆడమనిషి కనుక ముందు మర్యాదకు 'దో' ఉంచి, వెనక 'థే యీ' అని రాసింది ఐంద్రా. దో థే యీ. పాతకాలపు పేరు, పల్లెటూరి పేరు. ఆవిడకు ఎంత బాగా అమరిందని.

నివేదిక సోమవారం బయటికి వచ్చింది. ఇంగ్లీషులో ఒకటి, బర్మీస్‌లో ఒకటి. ఎవరి కష్టమో వాళ్ళ భాషలో వాళ్ళే చదువుకోవాలని మారిట్ పట్టుబట్టింది, అందులో తప్పు పట్టేదీ లేదు. పొద్దున ఇంటర్నెట్‌లో పెట్టింది మధ్యాహ్నానికల్లా ఊరూరి ఫోన్లలోకి పాకింది. సాయంత్రం జెనీవాలో మేనమామ దేశం ప్రతినిధి మళ్ళీ లేచాడు, పేర్ల జాబితా పట్టుకున్నాడు, చదివాడు. ఒక్కరూ నవ్వలేదు. ఆయన తడబడి కాగితం తిప్పి వేరే మాటలోకి పోయాడు.

జెనీవాలో సంస్థ పని చూసుకునే లూకాస్ వెంటనే ఫోన్ చేశాడు.

"ఆ పేర్లు పెట్టినామెకు నా దండాలు చెప్పండి. వాళ్ళు ఎవరో పండితుణ్ణి పిలిపించి మరీ అడిగారట. ఒక్కదానికీ వంక పెట్టలేకపోయాడట."

శుక్రవారం ఓటింగ్. మండలి ముందున్న తీర్మానంలో ఆరో వాక్యం ఒక్కటే వీళ్ళకు ప్రాణం. ఆ సైన్యానికి ఏ దేశమూ విమానాల ఇంధనం అమ్మకూడదని అందులో ఉంది. ఇంధనం లేకపోతే విమానం లేవదు, విమానం లేవకపోతే పిల్లల మీద బాంబు పడదు. ఇంత చిన్న లెక్క కోసం పదకొండు మంది ప్రాణాలకు తెగించి నది దాటారు. ఆ సాయంత్రం ఆఫీసులో ఊరబెట్టిన తేయాకూ వేరుశనగలూ పంచుకుని తిన్నారు. అందరూ తన వీపు తడుతుంటే ఐంద్రాకు గర్వంగానే ఉంది.

బుధవారం పొద్దున పడవ నడిపే సా కపో మెట్లెక్కి వచ్చాడు. సాక్షుల్ని నది దాటించేది అతనే. సోమవారం పొద్దుగుంకేవేళ పదౌక్ గోన్‌లో బయల్దేరి నేరుగా వస్తున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగలేదు.

"అక్కా, ఊళ్ళో జాతకాలు తెమ్మంటున్నారు."

"జాతకాలా? ఎందుకు?"

"అదే నాకూ తెలీలేదు. బో నీ అందర్నీ విహారం ముందు కూర్చోబెట్టాడు. ఫోన్లో మీ పుస్తకం పెద్దగా చదివించాడు. చదివించి, యాభై దాటిన ఆడవాళ్ళంతా ఇళ్ళకెళ్ళి తాటాకు జాతకాలు పట్టుకురావాలన్నాడు. లేవన్నవాళ్ళని, మీ వారమేంటి, మీ వారమేంటి అని అడుగుతున్నాడు. ముహూర్తాలేమైనా పెడతాడా వీడు అని వెనక కూర్చున్నోళ్ళు నవ్వుకున్నారు కూడా."

ఐంద్రా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

సోమవారం పుట్టినవాళ్ళకు క, ఖ, గ. మంగళవారానికి చ వరుస. గురువారానికి ప, బ, మ. ఆదివారానికి అచ్చులు. శనివారం పుట్టినవాళ్ళకు త, థ, ద, న. బర్మాలో పుట్టిన వారాన్ని బట్టే పేరులో మొదటి అక్షరం. పెద్దయ్యాక ఎవరైనా పేరు మార్చుకున్నా జాతకంలో వారం మారదు. వారం తప్పిన పేరు పెడితే బిడ్డకు అచ్చిరాదంటారు, శత్రువుకు కూడా పెట్టరు. పదకొండు మంది సాక్షుల పుట్టినరోజులూ కాగితాల్లో ఆమె ముందే ఉన్నాయి. ఎవరి వారానికి తగ్గ పేరు వాళ్ళకు పెట్టింది. ఆ వారం సంగతి కూడా ఆలోచించి చేసి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగి ఉండేది. అన్నం కుడిచేత్తో తినాలని ఎవరు ఆలోచిస్తారు? తిన్ న్యో శనివారం మనిషి. థే యీ శనివారం పేరు.

జెనీవాలో ఇంతలేసి చదువులు చదివిన న్యాయవాదులకు కనబడనిది, పొగాకు అమ్ముకుని బతికిన బో నీకి చెట్టు కింద కూర్చుని పది నిమిషాల్లో కనబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. పేర్లు నిజంలా ఉండాలన్నారు, నిజంలాగే ఉన్నాయి.

"ఆ ఊళ్ళో యాభై దాటిన శనివారం ఆడవాళ్ళు ఎందరు తమ్ముడూ?"

సా కపో వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. రెండో వేలు దగ్గర ఆగిపోయాడు. తిన్ న్యో, పక్కింటి నూ యిన్. ఆగాక అతనికీ అర్థమైంది. "అయ్యో అక్కా" అని మెల్లిగా అన్నాడు.

ఐంద్రా మారిట్ గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. చేసిన తప్పు ఉన్నదున్నట్టు చెప్పింది. మారిట్‌కు మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

"ఇప్పుడే సా కపోని వెనక్కి పంపుదాం. ఆమెను ఎలాగైనా తీసుకురమ్మందాం."

"పంపుదాం. బర్మీస్ పుస్తకం కూడా తీసెయ్యాలి మారిట్. ఇప్పుడే. అక్కడ ఇంకా పదిమంది ఉన్నారు. బో నీ బుర్రకు తట్టింది ఇంకో ఊరివాడికి తట్టదా?"

మారిట్ జెనీవాకు ఫోన్ కలిపింది. లూకాస్ గొంతు పెట్టెలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఓటింగ్ ఎల్లుండి," అన్నాడు. "ఇవాళ మనం పుస్తకం వెనక్కి తీసుకుంటే వాళ్ళు ఏమంటారు? పేర్లు అబద్ధమని మనమే ఒప్పుకున్నామంటారు. మూడు దేశాలు ఇంకా ఊగిసలాడుతున్నాయి. ఆరో వాక్యం పోతుంది. నలభై ఎనిమిది గంటలు, అంతే. శుక్రవారం చెయ్యెత్తడం అవగానే తీసేద్దాం."

"ఆ నలభై ఎనిమిది గంటల్లో ఏమన్నా అయితే?" అంది ఐంద్రా.

"ఇంధనం ఆగకపోతే ఎన్ని ఊళ్ళు పోతాయో నువ్వు లెక్కపెట్టుకో. నేను చెప్పేది కఠినంగానే ఉంది, నాకు తెలుసు."

మారిట్ ఐంద్రా వైపు చూసింది. "నువ్వేమంటావు? నువ్వు వద్దంటే తీసేస్తాను."

ఈ కథలో ఐంద్రా తనను తాను క్షమించుకోలేని చోటు ఇదే. పేర్లు పెట్టింది తెలియక. ఇది తెలిసే. పట్టుబట్టలు కట్టుకున్న పదహారుమంది పిల్లలు కళ్ళ ముందు మెదిలారు, ఆరో వాక్యం మెదిలింది, సోమవారం అందరూ తట్టిన వీపు కూడా గుర్తొచ్చింది. ఇంత సాధించి చేతులారా పారబోసుకోవడమా అనిపించింది.

"సరే," అంది. "శుక్రవారం దాకా."

సా కపో వచ్చిన కాళ్ళతోనే వెనక్కి నడిచాడు. గురువారమంతా వాన. ఐంద్రా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ బర్మీస్ పుస్తకాన్ని ఎందరు చదివారో చెప్పే అంకె ఎదురుగా కంప్యూటర్‌లో గంటగంటకూ పెరుగుతోంది. మూడు రోజుల కిందటైతే ఆ అంకె చూసి సంబరపడేది. ఇప్పుడు చూడకుండా ఉండలేకపోతోంది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు జెనీవాలో చేతులెత్తారు. తీర్మానం నెగ్గింది. అక్కడి హాల్లో చప్పట్లు కొట్టారు, ఇక్కడి మేడ మీద ఎవరూ కొట్టలేదు. ఎందుకంటే లూకాస్ కాసేపటి కిందటే ఫోన్‌లో చెప్పేశాడు. ముందు రోజు భోజనాల వేళ ఊగిసలాడుతున్న మూడు దేశాలు బేరానికి వచ్చాయి. ఆరో వాక్యం తీసేస్తే ఓటేస్తామన్నాయి. తీసేశారు. దాని స్థానంలో, అన్ని పక్షాలూ సంయమనం పాటించాలని మండలి కోరుతున్నది, అని వేశారు. బాంబులేసినవాడూ, వేయించుకున్న పిల్లలూ, అందరూ సంయమనం పాటించాలన్నమాట.

"అయినా ఇది తక్కువ విజయం కాదు," అన్నాడు లూకాస్. "సెప్టెంబరులో మళ్ళీ ప్రయత్నిద్దాం. మన పుస్తకం వల్లే ఇంతదాకా వచ్చింది." ఆ మాట అనేటప్పుడు అతని గొంతులోనూ జీవం లేదు. అతను చెడ్డవాడు కాదు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే పెద్ద చిక్కు.

మారిట్ ఆ క్షణమే పుస్తకం తీసేసింది. తీసేసిన పావుగంటకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సా కపో, అతని వెనక మోకాళ్ళదాకా బురదతో ఒక పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. ముక్కూ కనుబొమలూ తిన్ న్యోవే. చూడగానే ఐంద్రా లేచి నిలబడింది.

"దారిలో ఎదురొచ్చింది అక్కా," అన్నాడు సా కపో. "అప్పటికే అంతా అయిపోయింది."

ఆ పిల్ల పేరు ఖైన్. కూర్చోమంటే కూర్చుంది. సంగతి చెప్పమని ఎవరూ అడగకముందే చెప్పింది.

"మంగళవారం నూ యిన్ పెద్దమ్మని పట్టుకుపోయారు. ముందు ఆవిడ జాతకమే దొరికింది వాళ్ళకి. ఆవిడకేం తెలుసు? పండగ రోజు అసలు ఊళ్ళోనే లేదు. అరుపులు మా ఇంటిదాకా వినబడ్డాయి. అమ్మ పొద్దుటిదాకా కూర్చుంది. తెల్లారాక తల దువ్వుకుంది, అమ్మమ్మకి గంజి పట్టింది. నాతో ఏమంటుందీ, నా మాటకి ఇంకొకతె దెబ్బలు తినడమేంటే, సిగ్గు లేదూ, అని. పోయి నేనే అని చెప్పేసింది. నూ యిన్ పెద్దమ్మని వదిలేశారు. సాయంత్రం అమ్మ కట్టుకెళ్ళిన లుంగీ ఇచ్చి పంపారు. ఉతికి, మడత పెట్టి ఇచ్చారు. మనిషిని ఇవ్వలేదు."

ఐంద్రా ఆ మాటలన్నీ మారిట్‌కు ఇంగ్లీషులో చెప్పింది.

"నిన్న దారిలో చూశాను," అంది ఖైన్. "పక్కూళ్ళో కూడా జాతకాలు అడుగుతున్నారు. ఆ ఊరి పెద్దకి బో నీ కిటుకు చెప్పాడట. ఇద్దర్ని తీసుకుపోయారు. వాళ్ళు ఫోన్లో చూసే చేస్తున్నారు. మీకు బుధవారమే తెలిసిందని ఈయన చెప్పాడు. మరి నిన్న కూడా అది ఫోన్లలో ఎందుకుంది?"

ఐంద్రా దగ్గర జవాబుంది. ఆరో వాక్యం, మూడు దేశాలు, చేతులెత్తడం.

"ఆ పేరు పెట్టింది ఎవరు?" అంది ఖైన్.

"నేనే."

ఖైన్ ఆమెను పైనుంచి కిందకు చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది.

"సోమవారం విహారం దగ్గర ఆ పేరు చదవగానే అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. సంతోషం ఆవిడకి. చూశావుటే, వారం తప్పకుండా పెట్టింది ఆ పంతులమ్మ, పద్ధతి తెలిసిన పిల్ల, అంది. ఇంకో గంటకి కదా జాతకాలు తెమ్మన్నది."

ఐంద్రాకు ఏడుపు వచ్చింది కానీ ఆ పిల్ల ముందు ఏడ్చే హక్కు తనకు లేదనిపించి ఆపుకుంది.

మారిట్ ఖైన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, అవి దొంగ నీళ్ళు కావు. ఐంద్రా వైపు తిరిగి అంది:

"అడుగు. ఇష్టమైతేనే. సెప్టెంబరులో మళ్ళీ సమావేశం ఉంది. ఇక వాళ్ళ అమ్మకు ప్రమాదం లేదు కాబట్టి, ఈసారి ఆవిడ సాక్ష్యం అసలు పేరుతోనే వేయొచ్చు."

ఐంద్రా ఆ మాటను మెత్తబరచాలని చూసింది. మెత్తబరిచే మాట ఏ భాషలోనూ దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

ఖైన్ మారిట్ చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వేయండి," అంది. "దో తిన్ న్యో అని పెద్దక్షరాలతో వేయండి. దాని పక్కన, ఆ రెండో పేరు పెట్టిన మనిషి పేరు కూడా వేయండి. మా అమ్మ పేరు ఊరంతా కూర్చుని చదివింది. ఆ పేరూ చదవాలి."

ఐంద్రా అది కూడా ఒక్క అక్షరం పోకుండా మారిట్‌కు చెప్పింది. మారిట్ మొహం ఎర్రబడింది. తల అడ్డంగా ఊపింది.

"అది మాత్రం కుదరదు ఐంద్రా. పనిచేసేవాళ్ళ పేర్లు ఎక్కడా వేయం, మొదటినుంచీ అదే నియమం. దవేలో మీ అమ్మానాన్నలు ఉన్నారు కదా. భద్రత కోసం పెట్టుకున్నదే అది. ఆమెకు నెమ్మదిగా చెప్పు."

"ఏమంటోంది?" అంది ఖైన్.

"మా పేర్లు వేయరట," అంది ఐంద్రా. "ప్రమాదమట."

ఖైన్ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, తాను సరిగ్గానే విన్నానా అన్నట్టు.

"ఎవరికి? మీకా?"

"మాకే," అంది ఐంద్రా.